బాటసారి విస్తరి



మాఘమాసమున ఆదివారమునాడు తెల్లవారుజాముననే అరసవల్లి చేరినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. ఇంద్రపుష్కరిణి పరిసరములందు ఎటు చూచినను పిడకల పొగ. ఇత్తడి గిన్నెలలోను, క్రొత్త కుండలలోను పాలు పొంగుచుండును. పొంగిన పాలలో క్రొత్త బియ్యమును బెల్లమును వేసి, చెఱకుగడ ముక్కతో కలియబెట్టి, వండిన పరమాన్నమును చిక్కుడాకులలో నుంచి, ఉదయించుచున్న సూర్యభగవానునకు చూపుదురు. పిమ్మట ఎవరి గిన్నెచుట్టు వారు చేరి తలకొక ముద్ద తిందురు. మా అమ్మమ్మ చేసినది, మా అమ్మ చేసినది, ఇప్పుడు మా కోడలు చేయుచున్నది. ఇల్లు విడిచి వచ్చి, ఆకాశము క్రింద, పదిమంది నడుమ కూర్చుండి తినుటలో ఒక యానందము కలదు. ఇంట తిన్నదానికంటె ఆ ముద్దకు రుచి హెచ్చు.

గత సంవత్సరము మా మనుమడు ఇటలీ దేశము చూచి వచ్చెను. మధ్యధరా సముద్రమున కెదురుగా కొండవాలున నున్న ఒక పల్లెటూరి భోజనశాలలో ఒకపూట తిన్నాడట. తలపైన ద్రాక్షపందిరి, చుట్టును ఓలివు చెట్లు, క్రింద నీలపు సముద్రము. వేడి రొట్టె, ఓలివు నూనె, జున్ను, వేయించిన చేప. వండినది ఆ యింటి అవ్వయే. ఆ ముచ్చట చెప్పి, “తాతా, మన ప్రక్క ఇట్టివి ఉండేవా? బాటసారులు ఎక్కడ తినేవారు?” అని యడిగెను. ఉండెడివని చెప్పితిని. కాని ‘ఎవరి కుండెడివి?’ అని వాడడుగలేదు. ఆ రెండవ ప్రశ్నకు బదులు చెప్పనిదే మొదటి బదులు పూర్తి కాదని తరువాత నాకు తోచినది. ఆ రెండు బదుళ్లును నేడు మీ ముందు పెట్టుచున్నాను.

వాడు చూచిన దేశములో కూడు అమ్ముట మిక్కిలి ప్రాచీనము. క్రీ. శ. 79వ సంవత్సరమున వెసూవియసు అగ్నిపర్వతము బూడిద క్రింద కప్పివేసిన పాంపే నగరమును త్రవ్వగా వీథివీథిని అన్నపుటంగళ్లు బయటపడినవి. వీథివైపున కట్టిన అరుగు, ఆ యరుగులో పెద్ద జాడీలు పాతుట, జాడీలలో వంటకము లుంచుట వారి పద్ధతి. 2020లో త్రవ్వి తీసిన ఒక అంగడి అరుగుమీద బాతులును కోడియు రంగులతో వ్రాసి యున్నవి. జాడీల యడుగున నాటి వంటకముల శేషములు దొరకినవి. ఇంట పొయ్యి పెట్టుకొనుటకు చోటులేని పేదలును, పరదేశులును అక్కడ తినెడివారు. కలిగినవారు తమ యిండ్లలోనే విందులు చేసికొని, అంగడిలో తినువారిని చులకనగా చూచెడివారు. ఈ చులకన మాట మనసున నుంచుకొనుడు. మన కథలోను అది వచ్చును.

ఇక మన త్రోవకు వత్తము. అరసవల్లి శ్రీకాకుళపట్టణమునకు ఆనుకొని తూర్పుదిక్కున నున్నది. తూర్పుగాంగుల వంశమువాడగు దేవేంద్రవర్మ యను రాజు ఇచట సూర్యదేవుని నిలిపెనని ప్రతీతి. శిథిలమైన ఆలయమును 1778లో యలమంచిలి పుల్లాజీ పంతులుగారు పునర్నిర్మించిరని ఆలయచరిత్ర చెప్పువారందురు. దక్షిణదేశమునుండి పురీజగన్నాథమునకు నడచిపోవు యాత్రికులకు సింహాచలము, అరసవల్లి, శ్రీకూర్మము వరుసగా తగులును. కావున మన సీమ రెండు రాజ్యముల నడుమ దారియే కాక, దేవుని చూడబోవువారి దారి కూడ. దారి యున్నచోట ఆకలి యుండును.

ఆ దారి నడచిన తెలుగువారిలో వ్రాసిపెట్టినవాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి. 1830 మే 18వ తేదీన సపరివారముగా బయలుదేరి కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా మన తీరము పట్టి దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన దినచర్యయే ‘కాశీయాత్రచరిత్ర’ యను పేర 1838లో అచ్చుపడినది. ఆ పుస్తకమున ఆయన మజిలీమజిలీకి వదలక వ్రాసినది దేవుని మహిమ ఒక్కటియే కాదు. ఈ యూర సత్రము కలదా, నీళ్లు మంచివా, అంగళ్లున్నవా, బియ్యము పప్పు దొరకునా, దిగుటకు చోటున్నదా అను లెక్కయే అడుగడుగున కనబడును. పల్లకీలతో, బోయీలతో, పరివారముతో పోయిన సంపన్నునకే ఈ చింత తప్పలేదన్నచో, చంకన మూటతో నడచినవాని సంగతి వేరుగ చెప్పవలెనా?

మన పెద్దల కాలమున ఆ మూటలో నేమున్నదో మీలో పలువురకు తెలియును. బియ్యము, చోడిపిండి, ఉప్పు, చింతపండు, నాలుగు మిరపకాయలు. పొద్దు వ్రాలువేళకు ఏ చెఱువుగట్టుననో మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసికొనుట. వేకువను మిగిలిన చద్దియు తరవాణియు త్రాగి మరల నడక. ఇదియే పెక్కుమందికి దారిభోజనము. చేతిలో మూట తరిగిపోయినప్పుడో, వండుకొను ఓపిక లేనప్పుడో, మూడు వాకిళ్లు కనబడుచుండెను. మొదటిది సత్రము, రెండవది పూటకూళ్లయిల్లు, మూడవది హోటలు. ఈ మూడు వాకిళ్ల చరిత్రయే బాటసారి విస్తరి చరిత్ర.

మొదటి వాకిలి ధర్మపు వాకిలి. అరసవల్లిలోని శాసనములలో స్వామికి అఖండదీపమునకును, శాస్త్రములు చదువుకొను విద్యార్థుల వసతికిని భూములిచ్చిన సంగతులు కలవని చదివినవారు చెప్పుదురు. దీపము వెలుగుటయు, పిల్లవాడు ఆకలిలేక చదువుటయు నాటివారికి ఒకే పుణ్యముగా తోచియుండును. అయితే అన్నసత్రములను గూర్చిన తెలుగుదేశపు శాసనములలో తలమానికమైనది మన సీమలోనిది కాదు. అది కృష్ణాతీరమున మల్కాపురమందున్నది. కాకతి రుద్రమదేవి యేలుబడిలో 1261లో వేయించినది. ఆమె గురువగు విశ్వేశ్వరశివాచార్యులకు ఇచ్చిన గ్రామముల రాబడితో ఆయన మఠము, విద్యాశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము ఏర్పరచెను. ఆ సత్రమున అన్నము ఎవరికి పెట్టవలయునని శాసనము చెప్పుచున్నదో వినుడు. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు, వచ్చినవారి కెల్ల, ఏ వేళకైనను పెట్టవలయునట. ఏడున్నర శతాబ్దములకు పైగా వెనుకటి మాట యిది! అందరును ఒకే పంక్తిని కూర్చుండిరని శాసనము చెప్పలేదు. కాని వాకిలి అందరికిని తెరచియుండెనని రాతిమీద చెక్కించిరి.

ఇట్టి వాకిలి మన దారికి ఆ కొసను కూడ ఒకటి కలదు. పురీక్షేత్రమున జగన్నాథుని మహాప్రసాదమును ఆనందబజారున కొని, కులభేదము పాటింపక, ఒకరి చేతిది ఒకరు తినుట చిరకాలపు ఆచారము. మన పల్లెలనుండి పోయివచ్చినవారు దీనిని వింతగా చెప్పుకొనెడివారు. ఊర ఒకరింటి నీరు ఒకరు ముట్టనివారు అక్కడ ఒకే కుండలోని అన్నము తినివచ్చి, ఊరు చేరగానే మరల వెనుకటి రీతినే ఉండెడివారు. ప్రసాదమునకు మైల లేదన్న న్యాయము ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. పైగా, ఆ ప్రసాదము అందరిదైనను, ఆ గుడిలోనికే అడుగుపెట్టనీయని జనులును ఆ కాలమున నుండిరి.

ఈ పట్టుదల ఎంతటిదో 1866వ సంవత్సరపు కఱవు చూపినది. ఒడిసా దేశమును నిర్మూలము చేసిన ఆ కఱవు గంజాముజిల్లాను కూడ పట్టినది. అప్పటికి శ్రీకాకుళము గంజాముజిల్లాలోనిదే. దొరతనమువారును దాతలును అక్కడక్కడ అన్నశాలలు తెరచిరి. ఎవరు వండినదో తెలియని ఆ యన్నము తిన్నచో కులము పోవునని ఆకలితో నకనకలాడుచును తినక వెనుదిరిగినవారు కలరు. తిని బ్రతికినవారి గతి వేరు. కఱవు తీరి ఇల్లు చేరగా వారిలో ఎందఱినో కులమువారు చేర్చుకొనలేదు. ఒడిసాలో అట్లు వెలియైనవారు ‘ఛత్రఖియా’ లను పేర వేరొక కులమే అయిరి. ఛత్రమున తిన్నవారని ఆ మాటకు అర్థము. ప్రాణము నిలిపిన ముద్దయే వారికి పేరై, తరతరములు వెంట నడచినది. అన్నదానమును గూర్చి మనము గర్వముగా చెప్పుకొనునపుడు ఈ సంగతి కూడ ప్రక్కన పెట్టుకొనవలెను.

రెండవ వాకిలి పూటకూళ్లయిల్లు. పూటకు ఇంతయని వెల తీసికొని కూడు పెట్టు ఇల్లు. నేడు ‘కూడు’ అన్న మాట మొరటుగా తోచును గాని పూర్వకాలమున అది గౌరవమైన తెలుగుమాట. ఈ ఇండ్లు తెల్లవారు వచ్చిన తరువాత పుట్టినవి కావు. వినుకొండ వల్లభరాయని పేర నున్న ‘క్రీడాభిరామము’ ఓరుగంటి నగరమున ఒక దినమును వర్ణించు కావ్యము. అందు ఇద్దరు మిత్రులు నగరము చూచుచు తిరుగుదురు. ఆ నగరమున ఒక రూకకు భోజనము పెట్టు ఇంటిని ఆ కవి ప్రస్తావించి, అచ్చటి సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు అన్నియు వరుసగా చెప్పెను. వెలతోసహా భోజనపు పట్టిక కవిత్వమున కెక్కినదన్నమాట! ఆరువందల సంవత్సరముల నాడే తెలుగునగరమున డబ్బిచ్చి సుఖముగా భోంచేయు వాడుక యున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు. మా మనుమనికి నేనిచ్చిన మొదటి బదులు ఇదియే.

కాని వండిన యన్నమునకు వెల కట్టుట పాపమని మనవారి నమ్మకము. దానము చేసినవానికి కీర్తి, అమ్మినవానికి చులకన. పాంపేలోని చులకన వంటిదే ఇదియు. అయినను ఆ యిల్లు లేక ఊరికి గడవదు. కోర్టుపనికి వచ్చిన కక్షిదారు, బడికి వచ్చిన కుఱ్ఱవాడు, బదిలీయై వచ్చిన గుమాస్తా ఎక్కడ తినవలెను? అందఱకును అక్కఱయై, ఎవరును మెచ్చని ఈ పని పెక్కుచోట్ల ఎవరి చేత పడినది? దిక్కులేని వితంతువుల చేత.

దీనికి కారణము దయలేమి యొక్కటియే కాదు, చట్టము కూడ. ఉమ్మడికుటుంబములో భర్త పోయిన స్త్రీకి అన్నవస్త్రముల భరణమే గాని ఆస్తిలో భాగము లేకుండెను. 1937లో హిందూస్త్రీల ఆస్తిహక్కుల చట్టము వచ్చువరకు ఇదియే స్థితి; ఆ చట్టమును ఆమె కిచ్చినది జీవితకాలపు హక్కు మాత్రమే. 1856లోనే వితంతువివాహమును చట్టము ఒప్పుకొన్నది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. అయినను అట్టి వివాహములు వేళ్లమీద లెక్కింపదగినవి. తక్కినవారికి మిగిలినది వంటయింటి విద్య. ఆ విద్యను ఒకరింట ఊడిగముగా ధారపోయుటయో, తన యింటనే నాలుగు విస్తళ్లు పరచి వెల తీసికొనుటయో రెండే మార్గములు. రెండవ మార్గము పట్టినయామె ఎవరికిని చేయిచాపక బ్రతికెను. ప్రతిఫలముగా లోకము ఆమెకు పేరు తీసివేసి ‘పూటకూళ్లమ్మ’ అని పిలిచెను.

మన విజయనగరమున గురజాడ అప్పారావుగారు ఈమెను నాటకమున కెక్కించిరి. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరుగ వ్రాయబడినది. ఆ నాటకము ఆరంభముననే గిరీశము తాను చేసిన ఘనకార్యము చెప్పుకొనును. సంతలో సామానులు కొనిపెట్టెదనని పూటకూళ్లమ్మయొద్ద ఇరువది రూపాయలు తీసికొని వేశ్యకొఱకు వెచ్చపెట్టినాడు. ఆమె చీపురుకట్ట పుచ్చుకొని వాని వెంటబడినప్పుడు మనము కడుపుబ్బ నవ్వుదుము. నేనును చిన్నతనమున నవ్వితిని. ఇప్పుడు చదివినపుడు నాకు ఆ యిరువది రూపాయలే కనబడుచున్నవి. ఆ కాలమున ఇరువది రూపాయలన్నచో ఎన్ని పూటల పొగ, ఎన్ని విస్తళ్లు! వానిని నమ్మి యిచ్చిన సొమ్ము పోగా, మరునాటి సంతకు సామానెట్లు తెచ్చినదో నాటకము చెప్పదు. చదువుకొన్నవాడు చదువులేని కష్టజీవిని దోచుకొనుటయే ఆ హాస్యము అడుగున నున్న విషము. అప్పారావుగారు దానిని మొదటనే పెట్టుట ఊరక కాదు.

మరియొక సంగతి. పూటకూళ్లయింట అన్నము వడ్డించునది అడ్డాకుల విస్తరిలో. ఆ యాకు మైదానమున దొరకదు. పార్వతీపురము, సీతంపేట ప్రక్క కొండలమీద సవరలును జాతాపులును కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు దించగా మన యిండ్లకు వచ్చును. శ్రాద్ధమునకును, పెండ్లికిని, సత్రమునకును ఆ యాకే శుచి. కోసినవాని చేతిమీదుగా వచ్చిన ఆకు శుచియైనది. కోసినవాడు మాత్రము ఆ యాకు ముందు కూర్చుండుటకు తగడు. మన ఆచారమునకు లెక్క కుదరని చోట్లు చాల కలవు, ఇది యొకటి.

మూడవ వాకిలి హోటలు. దీనిని తెచ్చినది రైలు. బెజవాడనుండి కటకమువరకు తూర్పుతీరపు రైలుమార్గము 1890 తరువాతి సంవత్సరములలో పడినది. ఆ మార్గము శ్రీకాకుళపట్టణమునకు రాలేదు. ఎనిమిదిమైళ్ల దూరమున ఆమదాలవలసయందు స్టేషను వెలసినది. వారములకొలది నడచిన యాత్ర దినములలోనికి వచ్చినది. మూటలు చిన్నవైనవి. చెఱువుగట్టు పొయ్యిలు తగ్గినవి. స్టేషను వాకిటను, బండ్లు నిలుచు కూడళ్లయందును కాఫీహోటళ్లు వచ్చినవి. పరిచయములేని పదిమంది ఒకేచోట కూర్చుండి తినుట అలవాటైనది. అయితే రైలుపెట్టెలో ప్రక్కప్రక్కన కూర్చున్నవారే హోటలులో వేరువేరుగ కూర్చుండవలసివచ్చినది. పలుచోట్ల కులము పేర బోర్డులుండెను. కొందఱకు లోపల చోటు, కొందఱకు వసారాలో, కొందఱకు వీథిలో, వేరే గ్లాసు.

శ్రోతలారా, ఇంతవరకు పుస్తకములలోని మాట చెప్పితిని. ఇక నా కన్నుల చూచినది చెప్పవలెను. చెప్పుటకు నాకు సంకోచము లేకపోలేదు.

1956లో, నాకు పండ్రెండేండ్లప్పుడు, రథసప్తమికి ఎడ్లబండిమీద అరసవల్లి బయలుదేరితిమి. మా అమ్మమ్మ, అమ్మ, నాన్నగారు, నేను బండిలో. బండి తోలినవాడు మా కంబారి. అతడు ఊరి వెలుపలి పేటవాడు. నన్ను భుజముమీద నెక్కించుకొని తీర్థములన్నియు త్రిప్పినవాడు. మధ్యాహ్నమునకు దారిలో ఒక తాటాకుల యింటియొద్ద బండి నిలిపితిమి. ప్రక్కన చెఱువు, చెఱువునిండ కలువలు, గట్టున తాటితోపు, దూరమున నీలముగా కొండలు. ఆ తరువాత నేను పెక్కుదేశములు తిరుగలేదు గాని, అంతకంటె అందమైన భోజనపుచోటు నా యెఱుకలో లేదు. ఆ యింటియామె నడివయస్సు దాటిన వితంతువు. ఒక్కతె వండుచు, ఒక్కతె వడ్డించుచుండెను. కందిపప్పు, వంకాయకూర, ఆనపకాయ పులుసు, మజ్జిగ. ఆ పులుసు రుచి నాకిప్పటికిని జ్ఞాపకము.

మేము నలుగురము లోపల కూర్చుంటిమి. కంబారి తాటిచెట్టు క్రిందికి పోయి తానే ఒక ఆకు తెచ్చుకొని కూర్చుండెను. ఆమె చివరకు బయటికి వచ్చి, ఎత్తునుండి అన్నము అతని ఆకులో జార్చి, మజ్జిగ అతని దోసిట పోసెను. అతడు వంగి త్రాగెను. మా నాన్నగారు అయిదు విస్తళ్లకును ఒకటే వెల యిచ్చిరి.

ఆ క్రిందటి సంవత్సరమే, 1955లో, అంటరానితనమును శిక్షింపదగిన నేరముగా చేసిన చట్టము వచ్చినదని మా బడిలో పంతులుగారు చెప్పియుండిరి. అంతకుముందే, 1950లో అమలైన రాజ్యాంగము 15వ అధికరణమున అంగళ్లకు, భోజనహోటళ్లకు, బావులకు, చెఱువులకు, స్నానఘట్టములకు ఎవరినైనను కులము పేర రానీయకుండుట కూడదని శాసించినది. నేను ఆ మాట వల్లించి పంతులుగారిచేత మెప్పు పొందినవాడను. ఆ దినమున అది నాకు జ్ఞాపకము వచ్చినది. విస్తరి ముందు నుండి తలయెత్తి బయటికి చూచితిని. మా నాన్నగారి ముఖము చూచితిని. మరల తలవంచుకొని తింటిని.

బండి యెక్కునపుడు అతనియొద్దకు పోయి, “నువ్వు లోపలికెందుకు రాలేదు?” అని యడిగితిని. ఏమియు తెలియనివానివలె అడిగితిని, తెలిసియే యడిగితిని. అతడు నవ్వి, “నాకేటి బాబూ! లోపలంతా ఉక్క. ఇక్కడైతే సల్లగుంది” అనెను. ఆ మాట నిజమే. చల్లనిగాలి, కలువల చెఱువు, కొండల చూపు అన్నియు అతని వైపే యున్నవి. లోపల మాకున్నవి పొగయు ఈగలును. కాని ఆ మాట అతడు తన కొఱకు చెప్పలేదు. నా ముఖము చూచి, నా కొఱకు చెప్పినాడు. అవమానము పడినవాడే దాని బరువు నా మీద పడకుండ తీసికొన్నాడు. అతడు పోయి ఎన్నియో సంవత్సరములైనది. నేను పెద్దవాడనైన తరువాత ఆ దినమును గూర్చి అతనితో ఒక మాట చెప్పవలెనని పలుమారు అనుకొంటిని. చెప్పలేదు.

ఆ యింటియామెను నేను దూషింపను. లోకము ఆమెను గడప బయట నిలిపినది. తన గడప తనకు దక్కినప్పుడు, ఆమెయు మరియొకరిని బయట నిలుపవలసినదై తోచినది. అతనిని లోపల కూర్చుండబెట్టినచో మరునాడు తన యింట ఎవరును తినరను భయము ఆమెకు ఉండవచ్చును. ఆ భయమునకు కారణము ఆమె కాదు, లోపల కూర్చున్న మేము. మేము నలుగురము ‘అతడును మాతోనే’ అని ఒక మాట అనియున్నచో ఆమె ఏమి చేసియుండునో నేనెఱుగను. మే మనలేదు. చట్టము ఢిల్లీలో పుట్టినను అది పంక్తిలోనికి రావలయునన్నచో పంక్తిలో కూర్చున్నవాడు కొంచెము జరుగవలెను. ఆ దినమున నేను జరుగలేదు.

ఇప్పటి కాలము వేరు. శ్రీకాకుళము మీదుగా పోవు జాతీయరహదారి పొడవునను భోజనశాలలే. తోటలలో పాకలు వేసి, దీపములు కట్టి, బల్లలు పరచి, పల్లెయందము చూచుచు తినుడని పట్టణమువారిని పిలుచుచున్నారు. చోడి అంబలి, ఉలవచారు, పనసపొట్టు కూర అను మన పాతవంటలు పట్టికలకెక్కి వెల పలుకుచున్నవి. లోపలికి పోవువానిని కులమడుగువారు లేరు. మొన్నటి మాఘమున మనుమనితోగూడ అరసవల్లి పోయి, దర్శనమైన పిదప అన్నప్రసాదమునకు కూర్చుంటిని. నా కుడిప్రక్కను ఎడమప్రక్కను ఎవరో నాకు తెలియదు. నేనెవరో వారికి తెలియదు. వడ్డించిన పిల్లవాడు వరుసగా వంగివంగి అందఱ ఆకులలోను ఒకేయెత్తునుండి అన్నము పెట్టుచు పోయెను. ఆ వంగుట చూచి నాకు కన్నీరు వచ్చినది. పులుసు కారమయినదేమోనని మనుమడు నీళ్లు జరిపెను. ఇంటికి వచ్చిన పిదప వానికి ఈ కథ చెప్పితిని. అదియే వానికి నేను బాకీపడిన రెండవ బదులు.

పెద్దలారా, ఈ ప్రసంగమును ముగింపకముందు మీకొక మనవి. హోటళ్లు మారినవి. గుడి మారినది. ఊరిలో పంక్తి అంతయు మారినదా? శ్రీరామనవమి పందిటిలోను, గ్రామదేవత పండుగయందును, పెండ్లి విందునందును పెత్తనము మీది. వడ్డన మొదలుపెట్టుమని చేయి ఊపునది మీరే. ఆ చేయి ఊపుటకు ముందు ఒక్కమారు పందిరి వెలుపలికి చూడుడు. చెట్టు క్రింద నిలిచియున్నవాడెవడైన కనబడెనా? కనబడినచో, అతడు ‘ఇక్కడ చల్లగానున్నది’ అని చెప్పువరకు ఆగవలదు. లేచి పోయి, చేయి పట్టుకొని తీసికొనిరండు. 1261లో రాతిమీద చెక్కిన మాటయు, 1950లో రాజ్యాంగమున వ్రాసిన మాటయు అంతకంటె ఎక్కువ కోరుటలేదు.